చంపడం తెలిసిన కణానికి ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి

2006 ఆగస్టు చివర్లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన పత్రం వచ్చింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో సర్జన్ స్టీవెన్ రోసెన్‌బర్గ్ బృందం, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఒళ్లంతా పాకిన 17 మందికి ఒక కొత్త చికిత్స చేసింది. రోగి రక్తంలోంచి, జబ్బు పట్టిన కణాలను చంపే టి-కణాలు అనే తెల్లకణాలు తీశారు. ల్యాబ్‌లో వాటిలోకి ఒక కొత్త జన్యువును ఎక్కించారు. కోట్ల సంఖ్యలో పెంచి మళ్లీ ఆ రోగికే ఎక్కించారు. ఇద్దరిలో కణితులు బాగా తగ్గిపోయాయి. ఆ మార్చిన కణాలు ఏడాది తర్వాత కూడా వాళ్ల రక్తంలో తిరుగుతూనే ఉన్నాయి. మిగతా 15 మందికి కణితులు తగ్గలేదు.

పదిహేడు మందిలో ఇద్దరు. ఈ లెక్క వినగానే చాలామందికి మొదట తట్టేది ‘ఇంతేనా’ అని. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే మాత్రం, ఆ ఇద్దరిలో మనవాళ్లు ఒకరు కాకూడదా అనిపిస్తుంది. రెండూ సహజమే. అయితే తొలిదశ ట్రయల్ పెట్టేది ఎంతమందికి నయమవుతుందో తేల్చడానికి కాదు. ఇలాంటి కణాలను అసలు తయారు చేయగలమా? ఇస్తే మనిషి తట్టుకుంటాడా? లోపలికి వెళ్లాక అవి ఎన్నాళ్లు బతుకుతాయి, ఎక్కడెక్కడికి వెళ్తాయి, ఎవరి మీద పడతాయి? ఈ ప్రశ్నలకు జవాబుగా చూస్తే 2006 ఫలితం చాలా పెద్దది. మొత్తం పదిహేడు మందిలో పదిహేను మందికి మార్చిన కణాలు కనీసం రెండు నెలలపాటు, రక్తంలోని లింఫోసైట్లలో (టి-కణాలు చేరే తెల్లకణాల వర్గం) పది శాతానికి మించి నిలబడ్డాయి. మనం బయట కూర్చుని జన్యువు మార్చిన కణాలు మనిషి ఒంట్లో గట్టి కణితిని తగ్గించగలవని చూపిన తొలి దాఖలా అది.

ఆ తర్వాత జరిగిన ట్రయల్స్‌ను వరసగా చదివితే నాకు ఒకే విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. టి-కణం చేత క్యాన్సర్ కణాన్ని చంపించడం శాస్త్రవేత్తలకు కాస్త త్వరగానే పట్టుబడింది. ఎవరిని వదిలేయాలో దానికి చెప్పడం దగ్గరే అసలు కష్టమంతా వచ్చింది. ఆ కష్టం ఎంతటిదో తెలిసింది తొలిదశ ట్రయల్స్‌లోనే, అదీ రోగుల ఒంటి మీదే.

మెలనోమాతోనే ఎందుకు మొదలుపెట్టారు

చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారు చేసే కణాలు మెలనోసైట్లు. వాటిలో పుట్టే క్యాన్సరే మెలనోమా. చర్మంలో పైపైనే ఉండగా కోసి తీసేస్తే చాలామందికి అక్కడితో సరిపోతుంది. లింఫు గ్రంథులు దాటి ఊపిరితిత్తులకో, కాలేయానికో, మెదడుకో పాకితే పరిస్థితి వేరు. 2011కి ముందు ఆ దశకు చేరినవాళ్లలో సగానికి పైగా ఏడాది తిరక్కుండానే చనిపోయేవాళ్లు.

ఇంత మొండి జబ్బులోనూ ఒక వింత ఉంది. అరుదుగానే అయినా, ఏ మందూ ఇవ్వకుండానే కొన్ని మెలనోమా మచ్చలు వాటంతటవే వెనక్కి తగ్గుతాయి. కణితిని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే చాలాసార్లు లోపల టి-కణాలు గుంపులుగా చేరి కనిపిస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాల దెబ్బకు ఈ క్యాన్సర్ కణాల్లో జన్యు లోపాలు మిగతా చాలా క్యాన్సర్లలో కన్నా ఎక్కువగా పోగుపడతాయి. ఆ లోపాల వల్ల పుట్టే తేడా ప్రొటీన్లను రోగనిరోధక వ్యవస్థ పరాయివిగా పోల్చుకోగలదు. అంటే శరీరం పోరాడుతూనే ఉంది, బలం చాలడం లేదు.

రోసెన్‌బర్గ్ ఈ గుణాన్నే పట్టుకున్నారు. కణితిలోకి దూరిన టి-కణాలను బయటికి తీసి, ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రొటీన్ సాయంతో పెంచి తిరిగి ఇస్తే కొందరిలో కణితులు తగ్గాయని 1988లో ప్రకటించారు. మరుసటి ఏడాదే, ఆ కణాలు ఒంట్లో ఎక్కడికి పోతున్నాయో కనిపెట్టడానికి వాటిలోకి ఒక బ్యాక్టీరియా జన్యువును గుర్తుగా పెట్టి ఇచ్చారు. ప్రభుత్వ అనుమతితో మనిషిలోకి పరాయి జన్యువును పంపడం అదే మొదటిసారి. వైద్యం కోసం పంపలేదు, ఆనవాలు కోసమే పంపారు. ఇక్కడి నుంచి జన్యువు మార్చిన కణాల చరిత్రలో చాలా భాగం మెలనోమా రోగులతో అల్లుకుని ఉంది.

2002లో మరో మెట్టు ఎక్కారు. కణాలు ఇచ్చే ముందు కీమో మందులతో రోగి సొంత లింఫోసైట్లను దాదాపు ఖాళీ చేశారు. వచ్చే కణాలకు చోటు దొరుకుతుంది, ఎదగడానికి కావలసిన రసాయన సంకేతాల కోసం పోటీ ఉండదు, వాటిని అణిచిపెట్టే కణాలూ తగ్గుతాయి. అలా చేసిన 13 మందిలో ఆరుగురికి కణితులు తగ్గాయి. ఈ కీమో మెట్టు నేటికీ దాదాపు ప్రతి కణ చికిత్సలోనూ ఉంది.

అయినా చిక్కు తీరలేదు. టి-కణాల కోసం ఆపరేషన్ చేసి కణితి ముక్క తీయాలి. అందరి కణితిలోనూ అవి ఉండవు, ఉన్నా ల్యాబ్‌లో పెరగవు, పెరిగినా అన్నిటికీ క్యాన్సర్‌ను గుర్తుపట్టే శక్తి ఉండదు. అప్పుడు వచ్చింది అసలైన ఆలోచన. ఈ చికిత్సతో కణితులు దాదాపు పూర్తిగా తగ్గిన ఒక రోగిలో, ఆ పని చేసిన టి-కణాన్ని వెతికి పట్టుకుని, దాని రిసెప్టర్ (లక్ష్యాన్ని గుర్తుపట్టే ప్రొటీన్) జన్యువును తీసి, ఇతర రోగుల మామూలు రక్తంలోని టి-కణాల్లో పెడితే? అందరి కణాలకూ ఆ ఒక్క కణపు చూపు వస్తుంది. 2006లో 17 మందికి ఇచ్చింది సరిగ్గా అదే.

టి-కణం దేన్ని చూస్తుంది

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్లాలి. తర్వాత జరిగిన మంచీ చెడూ అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఒక ఇంట్లోకి వెళ్లకుండానే, గుమ్మం ముందు పెట్టిన చెత్తబుట్టను చూసి లోపల ఏం వండుతున్నారో చెప్పేయొచ్చు. టి-కణం చేసేది ఇలాంటి పనే. ప్రతి కణమూ తన లోపలి పాత ప్రొటీన్లను ముక్కలు చేసి, ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాల పొడవుండే తునకలను హెచ్‌ఎల్‌ఏ అనే అణువుల మీద పెట్టి బయటి గోడ మీద చూపిస్తుంది. టి-కణం తన రిసెప్టర్‌తో వాటిని తడిమి చూస్తుంది. తన రిసెప్టర్‌కు అతికే తునక కనిపిస్తే ఆ కణాన్ని చంపేస్తుంది. లోపల దాగిన క్యాన్సర్ ప్రొటీన్ కూడా ఇలా బయటపడుతుంది.

దీనికో షరతుంది. రిసెప్టర్ చూసేది తునకనూ, అది కూర్చున్న హెచ్‌ఎల్‌ఏనూ కలిపి. హెచ్‌ఎల్‌ఏ రకాలు మనిషి మనిషికీ వేరు. తొలి ట్రయల్స్ ఎక్కువగా హెచ్‌ఎల్‌ఏ-ఏ2 రకం మీదే కట్టారు. యూరప్ మూలాలున్నవారిలో అది దాదాపు సగం మందిలో ఉంటుంది, ఇతర జనాభాల్లో చాలాచోట్ల అంతకన్నా తక్కువ. ఆ రకం లేనివాళ్లకు ట్రయల్ తలుపు తెరుచుకోదు. జబ్బు ఒకటే, దశ ఒకటే, పుట్టుకతో వచ్చిన ఒక అణువు తేడాతో ఒకరు లోపల, ఒకరు బయట. ఈ రంగం ఇంకా తీర్చాల్సిన అన్యాయాల్లో ఇది ముందుంటుందని నా అభిప్రాయం.

రక్త క్యాన్సర్లలో పేరు తెచ్చుకున్న కార్-టి దీనికి వేరు. అక్కడ యాంటీబాడీ ముక్కను టి-కణానికి అతికించి, క్యాన్సర్ కణం గోడ మీది ప్రొటీన్‌ను నేరుగా పట్టుకునేలా చేస్తారు. హెచ్‌ఎల్‌ఏతో పనిలేదు. కానీ గోడ మీద ఉన్నవాటినే చూడగలదు. మెలనోమా గోడ మీద కనిపించి ఆరోగ్యకరమైన అవయవాల మీద కనిపించని ప్రొటీన్ దొరకడం చాలా కష్టం. అందుకే మెలనోమాలో టి-కణ రిసెప్టర్‌ను మార్చే దారిలోనే పని ఎక్కువగా నడిచింది.

పడక దగ్గర ఏం జరుగుతుంది

ముందు రోగిని యంత్రం పక్కన కొన్ని గంటలు పడుకోబెడతారు. ఒక గొట్టంలోంచి రక్తం వెళ్తుంది, యంత్రం అందులోంచి తెల్లకణాలను వేరు చేసుకుంటుంది, మిగతా రక్తం ఇంకో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. ఆ సంచి ల్యాబ్‌కు చేరాక టి-కణాలను నిద్రలేపుతారు. కొత్త జన్యువును మోసుకెళ్లడానికి ఇక్కడ వాడే రకం రెట్రోవైరస్, విభజన చెందుతున్న కణంలోకే జన్యువును చొప్పించగలదు కాబట్టి లేపకుండా పని జరగదు. వైరస్‌లో రోగం తెచ్చే భాగాలు తీసేసి, రిసెప్టర్ జన్యువును పెడతారు. అది టి-కణపు డీఎన్ఏలో కలిసిపోతుంది. ఆ కణానికి పుట్టే పిల్ల కణాలన్నిటికీ కొత్త రిసెప్టర్ వస్తుంది.

ఇక్కడొక చిన్న ప్రమాదం పొంచి ఉంటుంది. టి-కణ రిసెప్టర్ రెండు గొలుసుల జంట. కణంలో అప్పటికే పాత జంట ఒకటి ఉంటుంది. కొత్త గొలుసు పాత గొలుసుతో జత కడితే, ఎవరూ కోరని, దేన్ని గుర్తుపడుతుందో తెలియని మూడో రకం రిసెప్టర్ పుట్టొచ్చు. అందుకే కొత్త గొలుసుల్లో కొంత భాగాన్ని ఎలుక ప్రొటీన్‌తో మార్చడం, వాటి మధ్య అదనపు బంధం పెట్టడం, ఈమధ్య క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో పాత జంటనే కత్తిరించి తీసేయడం లాంటి ఉపాయాలు వచ్చాయి.

కణాలు పెరిగాక సూక్ష్మజీవులు చేరాయేమో, వైరస్ తనంతట తాను పెరిగే శక్తి తెచ్చుకుందేమో పరీక్షించి ఆసుపత్రికి పంపుతారు. ఈలోపు రోగికి సైక్లోఫాస్ఫమైడ్, ఫ్లుడారబిన్ అనే కీమో మందులు ఇస్తారు. తెల్లకణాలు పడిపోతాయి. జ్వరం వస్తే చాలు డాక్టర్లకు టెన్షన్. ఇంత తయారీ తర్వాత అసలు చికిత్స మాత్రం చూడ్డానికి మామూలు రక్తం ఎక్కించినట్టే ఉంటుంది. చిన్న సంచి, చేతికో ఛాతీకో గొట్టం, తరచు గంటలోపే పూర్తి. గడ్డకట్టించి దాచిన కణాలైతే, వాటిని కాపాడటానికి వాడే డీఎంఎస్ఓ అనే ద్రవం వల్ల గదిలో కాసేపు వెల్లుల్లి లాంటి వాసన వస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లు ఏమైందో అని కంగారు పడతారు, అది మామూలే.

ఆ తర్వాత మొదలయ్యేదే కష్టకాలం. చాలా ట్రయల్స్‌లో కణాలకు ఊతంగా ఎనిమిది గంటలకోసారి ఎక్కువ మోతాదులో ఇంటర్‌ల్యూకిన్-2 ఇచ్చేవాళ్లు. దాంతో వణుకు, జ్వరం వస్తాయి, రక్తపోటు పడిపోతుంది, సన్న రక్తనాళాల్లోంచి నీరు కారి ఒళ్లు ఉబ్బుతుంది. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు గట్టిగా ఉన్నవాళ్లనే ట్రయల్‌లోకి తీసుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఫలితాల లెక్కలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి. అవి ముదిరిన మెలనోమా రోగులందరి లెక్కలు కావు, వాళ్లలో బలంగా ఉన్నవాళ్ల లెక్కలు.

మొదట ముగ్గురు

తొలిదశలో మోతాదు పెంచడానికి బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. ముందు ముగ్గురికి తక్కువ మోతాదు ఇస్తారు. ఎవరికీ తీవ్రమైన హాని జరగకపోతే తర్వాతి ముగ్గురికి పై మోతాదు. ముగ్గురిలో ఒకరికి జరిగితే అదే మోతాదులో ఇంకో ముగ్గురిని చూస్తారు. ఇద్దరికి జరిగితే అక్కడితో ఆపుతారు. కొత్త రకం కణమైతే ఒక రోగికి ఇచ్చి కొన్ని వారాలు గమనించాకే రెండో రోగికి ఇస్తారు.

మాత్రల విషయంలో ఈ పద్ధతి సూటిగా పనిచేస్తుంది. ఎంత ఇచ్చామో అంతే లోపలికి వెళ్తుంది, మెల్లగా అరిగిపోతుంది. బతికున్న కణం అలా కాదు. లోపలికి వెళ్లాక ఒకరిలో వెయ్యి రెట్లు పెరగొచ్చు, ఇంకొకరిలో వారానికే మాయమవొచ్చు. అంటే డాక్టర్ ఇచ్చే మోతాదు వేరు, ఒంట్లో పనిచేసే మోతాదు వేరు.

2015లో వచ్చిన ఒక ఫలితం దీన్ని బాగా చూపిస్తుంది. కణితిలోని టి-కణాలకు ఇంటర్‌ల్యూకిన్-12 అనే చాలా ఘాటైన ప్రొటీన్‌ను తయారు చేసే జన్యువు పెట్టి 33 మంది మెలనోమా రోగులకు ఇచ్చారు. క్యాన్సర్‌ను గుర్తుపట్టినప్పుడు మాత్రమే ఆ జన్యువు పనిచేయాలని ఒక మీట కూడా అమర్చారు. తక్కువ మోతాదుల్లో 17 మందిలో ఒక్కరికే కణితులు తగ్గాయి. పై మోతాదుల్లో 16 మందిలో పది మందికి తగ్గాయి, అదీ మామూలుగా ఇచ్చే కణాల్లో చిన్న వంతుతోనే. వినడానికి అద్భుతం. కానీ ఆ పై మోతాదుల్లోనే తీవ్ర జ్వరాలు, కాలేయం దెబ్బతినడం, ప్రాణం మీదికి తెచ్చేలా రక్తపోటు పడిపోవడం కనిపించాయి. కణితి దగ్గరే వెలిగి అక్కడే ఆరాల్సిన మీట ఒళ్లంతటికీ తెలిసేలా వెలిగింది. శాతం ఒక్కటే చూసి వార్త రాస్తే ఈ ట్రయల్ విజయం. మొత్తం చదివితే, ఆ రూపంలో ముందుకు తీసుకెళ్లలేని మందు.

కన్ను, చెవి, గుండె

2006 నాటి రిసెప్టర్ వెతికింది మార్ట్-1 అనే ప్రొటీన్‌ను. మెలనోమాలో అది పుష్కలంగా ఉంటుంది. ఆ రిసెప్టర్ పట్టు బలహీనంగా ఉందని, అంతకన్నా గట్టిగా పట్టే రిసెప్టర్‌తో మళ్లీ ప్రయత్నించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఈసారి 20 మందిలో ఆరుగురికి కణితులు తగ్గాయి. జీపీ100 అనే ఇంకో ప్రొటీన్‌ను పట్టే రిసెప్టర్‌తో 16 మందిలో ముగ్గురికి తగ్గాయి. పట్టు పెరిగితే పని పెరిగింది.

దాంతోపాటే రోగుల ఒంటి మీద దద్దుర్లు లేచాయి. చర్మంలో తెల్ల మచ్చలు వచ్చాయి. కళ్లు ఎర్రబడి లోపల వాచాయి. కొందరికి వినికిడి తగ్గింది. కారణం ఆలోచిస్తే సూటిగానే ఉంది. మార్ట్-1, జీపీ100 మెలనోమా సొత్తు కావు, మెలనోసైట్ల సొత్తు. మెలనోసైట్లు చర్మంలోనే కాదు, కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరలోనూ, లోపలి చెవిలోనూ ఉంటాయి. కణాలు చెప్పిన పని చెప్పినట్టు చేశాయి. కళ్లకు, చెవులకు స్టెరాయిడ్ మందులు వేసి చాలావరకు అదుపులోకి తెచ్చారు.

దీంతో చూపు వేరే లక్ష్యాల వైపు మళ్లింది. పెద్దవాళ్లలో వృషణాల్లో తప్ప ఆరోగ్యకరమైన కణజాలంలో కనిపించని, క్యాన్సర్లలో మాత్రం మళ్లీ తలెత్తే ప్రొటీన్ల కుటుంబం ఒకటుంది. వృషణాల్లోని ఆ కణాల మీద హెచ్‌ఎల్‌ఏ ఉండదు కాబట్టి టి-కణం వాటి జోలికి పోదు. ఇంతకన్నా మంచి లక్ష్యం ఏముంటుంది? వాటిలో ఎన్‌వై-ఈఎస్ఓ-1 అనేదాన్ని ఎంచుకుని చేసిన ట్రయల్‌లో, 2011 నాటి లెక్క ప్రకారం, 11 మంది మెలనోమా రోగుల్లో ఐదుగురికి కణితులు తగ్గాయి. వాళ్లలో ఇద్దరికి పూర్తిగా పోయి ఏడాదికి పైగా తిరిగి రాలేదు. ఆ రిసెప్టర్ ఆరోగ్యకరమైన అవయవాల మీద పడలేదు. ఆశలు పెరిగాయి.

అదే కుటుంబంలోని మేజ్-ఏ3 దగ్గర ఆ ఆశలు కూలిపోయాయి. 2013లో రెండు వేర్వేరు ట్రయల్స్ ఫలితాలు బయటికొచ్చాయి. మొదటిదాంట్లో తొమ్మిది మందిలో ఐదుగురికి క్యాన్సర్ తగ్గింది. కానీ ముగ్గురికి స్పృహలో తేడా వచ్చింది, వాళ్లలో ఇద్దరు కోమాలోకి జారి చనిపోయారు. మేజ్-ఏ3ని పోలిన మేజ్-ఏ12 అనే ప్రొటీన్ మెదడులో కొద్దిగా ఉంటుందని, ఆ రిసెప్టర్ దాన్నీ పట్టుకుంటుందని తర్వాత తేలింది.

రెండోది ఇంకా కలచివేస్తుంది. ఇందులో రిసెప్టర్‌ను ల్యాబ్‌లో కొన్ని అమైనో ఆమ్లాలు మార్చి, పట్టు పెరిగేలా తయారు చేశారు. మొదట ఇచ్చిన ఇద్దరు రోగులు, ఒకరికి మెలనోమా, మరొకరికి మూలుగలో పుట్టే మైలోమా, కణాలు ఎక్కించిన కొద్ది రోజుల్లోనే గుండె ఆగి చనిపోయారు. గుండె కండరంలో టి-కణాలు నిండిపోయి కనిపించాయి. గుండెలో మేజ్-ఏ3 మాత్రం లేదు.

మరి దేన్ని చూసి దాడి చేశాయి? వెతగ్గా వెతగ్గా టైటిన్ దొరికింది. గుండె కండరాన్ని సాగేలా, ముడుచుకునేలా పట్టి ఉంచే భారీ ప్రొటీన్ అది. మేజ్-ఏ3 తునకలోనూ, టైటిన్‌లోని ఒక తునకలోనూ తొమ్మిదేసి అమైనో ఆమ్లాలుంటే అందులో ఐదు సరిగ్గా అవే స్థానాల్లో ఒకటే. మామూలు రిసెప్టర్‌కైతే ఆ పోలిక సరిపోయేది కాదేమో, పట్టు పెంచిన రిసెప్టర్‌కు సరిపోయింది.

ఇది ముందే ఎందుకు తెలియలేదు అన్నది ఎవరైనా అడగాల్సిన ప్రశ్న. గుండె కణాల మీద పరీక్షించారు. కానీ ల్యాబ్ పళ్లెంలో మామూలుగా పెంచే గుండె కణాలు కొట్టుకోవు, టైటిన్‌ను సరిగా తయారు చేయవు. తర్వాత మూలకణాల నుంచి కొట్టుకునే గుండె కణాలను పెంచి పరీక్షిస్తే, మార్చిన టి-కణాలు వాటిని చంపేశాయి. ఎలుకల్లో పరీక్షించినా తెలిసేది కాదు, మనిషి హెచ్‌ఎల్‌ఏ ఎలుకకు ఉండదు.

ఆ రెండు మరణాల తర్వాత పరీక్షల తీరే మారింది. కొత్త రిసెప్టర్‌ను మనిషికి ఇచ్చే ముందు, అది వెతికే తునకలోని ఒక్కో అమైనో ఆమ్లాన్నీ ఒక్కోసారి మార్చి చూస్తారు. ఏ స్థానాలు మారితే రిసెప్టర్ పట్టించుకుంటుందో, ఏవి మారినా పట్టించుకోదో తేలుతుంది. ఆ నమూనాతో మనిషి ప్రొటీన్లన్నిటినీ కంప్యూటర్‌లో జల్లెడ పడతారు. అనుమానం ఉన్న ప్రతిదాన్నీ బతికున్న కణాల మీద చూస్తారు. గుండె ఆగి ఇద్దరు చనిపోయిన ఆ ట్రయల్‌ను నడిపిన అడాప్టిమ్యూన్ కంపెనీయే తర్వాత మేజ్-ఏ4 కోసం తయారు చేసిన పట్టు పెంచిన రిసెప్టర్‌కు, సైనోవియల్ సార్కోమా అనే అరుదైన క్యాన్సర్‌లో 2024 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. రిసెప్టర్ మార్చిన టి-కణాలకు దొరికిన తొలి అనుమతి అది. దాని పునాదిలో ఆ ఇద్దరి ప్రాణాలున్నాయి.

తగ్గడం వేరు, నిలవడం వేరు

ట్రయల్ రిపోర్టుల్లో ‘స్పందన’ అనే మాటకు కచ్చితమైన కొలత ఉంది. స్కాన్‌లో ఎంచుకున్న కణితుల వ్యాసాలన్నీ కూడితే వచ్చే మొత్తం కనీసం 30 శాతం తగ్గాలి. అంటే 10 సెంటీమీటర్లు 7 అయితే స్పందించినట్టే లెక్క, మూడు నెలల తర్వాత మళ్లీ 12 అయినా సరే.

లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్ట్-1 రిసెప్టర్ కణాలతో చేసిన ట్రయల్‌లో ఇదే జరిగింది. 2014లో వచ్చిన ఆ ఫలితాల్లో 13 మందిలో తొమ్మిది మందికి కణితులు ఎంతో కొంత తగ్గినట్టు కనిపించాయి, కానీ అది నిలవలేదు. కారణాలు ఒకటి కాదు. ఎక్కించిన కణాలు రక్తంలో ఉన్నా చంపే చేవ పోగొట్టుకుంటాయి. క్యాన్సర్ కణాల్లో మార్ట్-1 లేనివి కొన్ని మిగిలి అవే పెరుగుతాయి. కొన్ని కణితులు హెచ్‌ఎల్‌ఏనే గోడ మీద పెట్టడం మానేస్తాయి. ఒకే తునకను చూడటం నేర్చిన కణానికి ఆ తునక కనిపించకపోతే ఏమీ చేయలేదు. కణితిలోంచి తీసిన సహజ టి-కణాల గుంపు అనేక లక్ష్యాలను చూడగలదు కాబట్టి, మెలనోమాలో ఆ పాత పద్ధతే ముందు మార్కెట్‌కు రావడం నాకు ఆశ్చర్యంగా లేదు. జన్యువు మార్చని అలాంటి కణాలతో తయారైన లైఫిల్యూసెల్‌కు 2024 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. సిఫారసు చేసిన మోతాదులో ఇచ్చిన 73 మందిలో 31.5 శాతం మందికి కణితులు తగ్గాయి.

మరో లెక్క కూడా చూడాలి, చాలా వార్తల్లో అది ఉండదు. తెల్లకణాలు ఇచ్చినవాళ్లు ఎంతమంది, చివరికి మార్చిన కణాలు ఎక్కించుకున్నవాళ్లు ఎంతమంది? మధ్యలో వారాలు గడుస్తాయి. ముదిరిన మెలనోమా అన్ని వారాలు ఆగదు. కొందరికి జబ్బు ముంచుకొస్తుంది, కొందరి కణాలు పెరగవు. ఎక్కించుకున్నవాళ్లలోంచి శాతం తీస్తే వీళ్లెవరూ లెక్కలోకి రారు.

ఇప్పుడు ఎక్కడున్నాం

2011 తర్వాత మెలనోమా వైద్యమే మారిపోయింది. ఇపిలిముమాబ్, 2014లో వచ్చిన పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే మందులు రోగి సొంత టి-కణాల బ్రేకులు విప్పుతాయి. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి తీసుకున్నవారిలో పదేళ్ల తర్వాత 43 శాతం మంది బతికే ఉన్నారని ఒక పెద్ద ట్రయల్ చూపించింది. అందుకే ఇప్పుడు కణ చికిత్స ట్రయల్స్‌లో చేరేవాళ్లు చాలావరకు ఈ మందులు పనిచేయనివాళ్లే. 2006 నాటి శాతాలను, నేటి శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. రోగులూ వేరు, వాళ్ల కణితులు దాటొచ్చిన మందులూ వేరు.

ప్రస్తుతం ఎక్కువ ఆసక్తి ప్రేమ్ (PRAME) అనే ప్రొటీన్ మీద ఉంది. చర్మ మెలనోమాల్లో అత్యధిక భాగం దాన్ని తయారు చేస్తాయి. ఇమాటిక్స్ కంపెనీ దాని కోసం రూపొందించిన టి-కణాలు తొలిదశలో సగానికి పైగా మెలనోమా రోగుల్లో కణితులను తగ్గించాయి. 2024 చివర్లో మూడో దశ మొదలైంది, అంటే ఇక వేరే చికిత్సలతో నేరుగా పోల్చి చూస్తారు. మరోవైపు అబ్సిడియన్ అనే కంపెనీ కణితిలోని టి-కణాలకు ఇంటర్‌ల్యూకిన్-15 జన్యువు పెట్టి, దాన్ని అసిటజోలమైడ్ అనే పాత మాత్రతో నడిపేలా చేసింది. మాత్ర వేసుకుంటే జన్యువు పనిచేస్తుంది, ఆపితే తగ్గుతుంది. అధిక మోతాదు ఇంటర్‌ల్యూకిన్-2 లేకుండానే కణాలను బతికించడం దీని ఉద్దేశం. పని ఆపించే మీట డాక్టర్ చేతిలోకి రావడం, 2015 నాటి అనుభవం తెలిసినవారికి చిన్న విషయంగా అనిపించదు.

ఇలాంటి ట్రయల్‌లో చేరమని మీ డాక్టర్ అడిగితే, మొదట తెలుసుకోవాల్సింది ఈ కణాలు దేన్ని వెతుకుతాయి, అది ఒంట్లో ఇంకెక్కడ ఉంది, ఇప్పటిదాకా ఎంతమందికి ఇచ్చారు, వాళ్లలో నేను ఎన్నో మోతాదు గుంపులో ఉంటాను అని. కణాలు తయారయ్యేలోపు జబ్బు పెరిగితే మధ్యలో ఏ మందు ఇస్తారో కూడా అడగండి. సంతకం పెట్టే కాగితంలో, చికిత్స అయ్యాక ఏళ్ల తరబడి మిమ్మల్ని గమనిస్తూ ఉంటామని కూడా ఉంటుంది. డీఎన్ఏలో కలిసిన జన్యువు ఎప్పుడైనా ఆ టి-కణాన్నే క్యాన్సర్‌గా మార్చగలదన్న భయం ఉంది. 2024 జనవరిలో అమెరికా నియంత్రణ సంస్థ కార్-టి మందుల మీద ఈ హెచ్చరిక ముద్రించమంది కూడా. ఆ సంస్థ నియమాల ప్రకారం, ఇలా డీఎన్ఏలో కలిసే వైరస్‌తో మార్చిన కణాలు తీసుకున్న ప్రతి ఒక్కరినీ, మెలనోమా తగ్గినా తగ్గకపోయినా, 15 ఏళ్లపాటు గమనించాలి.